బోర్డువారికి కనబడని గెడ్డ

నేను తాలూకా బోర్డు మెంబరును కావడానికి కారణం ఒక పనసకాయ కూర. విద్యాభివృద్ధి మీద నాకున్న ఆసక్తి వల్ల అయ్యానని సభల్లో అంటూ ఉంటారు. అన్నవాళ్లను నేను ఎప్పుడూ ఆపలేదు. నా గురించి మంచి మాటలు అరుదుగా వస్తాయి, వచ్చినప్పుడు అడ్డుపడటం ఎందుకు? కాని కాగితం మీద పెట్టవలసి వచ్చినప్పుడు పనసకాయ కూర అనే రాయాలి.

ఎవరి పేరూ రాయను. నన్ను చిన్నచూపు చూసినవాళ్ల పేర్లు రాస్తే, వాటిని అచ్చులో చూసుకుని వాళ్ల మనవలు మురిసిపోతారు. ఆ సంతోషం నా చేతుల మీదుగా జరగడం నాకిష్టం లేదు.

మా ఊరు కంచిలికి తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది. కాలు పెడితే చీలమండ దాకా దిగే ఇసుక నేల. ఆ ఇసుకలోనే కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు. అది నా భార్య పుట్టిల్లు. పంతులు పరీక్ష ప్యాసై నేను బోర్డు బడికి మేష్టరుగా అక్కడికే వచ్చాను. ఇల్లరికం వచ్చాడని కొందరు అన్నారు. ఉద్యోగం మీద వచ్చానని వాళ్లకు విడివిడిగా చెప్పాను. విననివాళ్లకు రెండోసారి చెప్పాను.

బడి అంటే మట్టి గోడలు, తాటాకు కప్పు. పైకప్పు కురుస్తోందని నేను అర్జీ పెడితే బోర్డువారు గోడ గడియారం పంపారు. ఏ గంటకు కురుస్తోందో చూసుకోమని కాబోలు. ఉప్పుగాలికి అది ఆ వానాకాలంలోనే ఆగిపోయింది. ఆగిపోయిందని రాస్తే, ప్రభుత్వపు సొత్తును జాగ్రత్తగా చూసుకోవడం మేష్టరు విధి అని జవాబు వచ్చింది.

మా ఊరికి పడమట ఒక గెడ్డ ఉంది. మా వైపు చిన్న ఏటిని గెడ్డ అంటాం. గెడ్డకు అవతల పెద్ద ఊరు, ఆ ఊళ్లో పెద్ద బడి. ఫాల్గుణం వచ్చేసరికి గెడ్డ ఎండి ఇసుక బాట అయిపోతుంది. బళ్లు దాని మీదుగానే పోతాయి. కొత్తవాడికి అక్కడ ఏరుందని చెబితే నవ్వుతాడు. ఆషాఢంలో వానలు పడ్డాయంటే మనిషి గుండెల దాకా నీళ్లు వస్తాయి. భాద్రపదం నాటికి పైనుంచి వరద, కిందినుంచి సముద్రపు పోటు కలిసి నిలువు లోతు అవుతుంది. తాటి దుంగలతో వంతెన వేస్తే ఏటేటా కొట్టుకుపోయేది. ఆ నెలల్లో మా ఊరు లంక కింద లెక్క. మగవాళ్లు అవసరం పడితే ఈదేవారు. పిల్లలకు మాత్రం మా చిన్న బడే దిక్కు.

ఈ సంగతి బోర్డువారికి తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. బోర్డువారు ఉద్దానానికి, అంటే మా తోటల సీమకు, ఎప్పుడు వచ్చినా ఎండాకాలంలోనే వచ్చేవారు. అప్పుడైతే దారులు బాగుంటాయి, బొండాలు తియ్యగా ఉంటాయి, పనసకాయ లేతగా ఉంటుంది. వానాకాలంలో మా మొహాలు చూసిన అధికారి లేడు.

ఆ ఏడు చైత్రంలో ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చారు. ఆయన టెక్కలి వైపు వకీలు. మెత్తని మనిషి, తియ్యని మాట, కళ్లు ఎప్పుడూ సగం మూసే ఉండేవి. వెంట మా వైపు మెంబరు గారు వచ్చారు. ఆయన కొబ్బరి వర్తకుడు, చాలా ఏళ్లుగా పోటీ లేకుండా మెంబరు. బోర్డు సమావేశాల్లో ఆయన నోరు తెరిచేది ఆవులించడానికేనని చెప్పుకునేవారు. ఇద్దరూ కంచిలిలో రైలు దిగి ఎడ్లబండి మీద వచ్చారు. గెడ్డ దాటేటప్పుడు ప్రెసిడెంటు గారు నిద్రపోతున్నారు. మెలకువగా ఉన్నా ఒరిగేదేమీ లేదు, అప్పుడు అది ఉట్టి ఇసుక.

ఊరి పొలిమేరలోనే మా బావమరిది బొండాలు కొట్టించి నిలబడ్డాడు. మా ఊరి పద్ధతి అది. వచ్చినవాడు ఎవరైనా సరే, ముందు బొండాం చేతిలో పెడతారు. బొండాం తాగాడంటే ఆ మనిషి చుట్టం. చుట్టం ఊళ్లో ఉన్నంతసేపూ అతని చెవిన కష్టం వేయకూడదు. ఎవరు పెట్టిన నియమమో తెలియదు గాని, మా ఊళ్లో దొంగతనం చేసినవాడినైనా క్షమించేవారు, చుట్టం ముందు ఏడ్చినవాడిని క్షమించేవారు కాదు.

నేను ఈ పద్ధతిలో పుట్టినవాడిని కాదు. కష్టం ఉన్నది చెప్పుకోవడానికే అని నా నమ్మకం. అందుకే పొలిమేరకు ముందే, బండి ఆగగానే చెప్పేద్దామని గెడ్డ దాకా ఎదురెళ్లాను. బండివాడు ఆపలేదు. ఇసుకలో ఆపితే మళ్లీ కదలదన్నాడు. బండి వెనకే పరుగెత్తాను. చక్రాలు లేపిన ఇసుక తప్ప నాకేమీ దక్కలేదు.

భోజనం మా బావమరిది ఇంట్లో. ఆ వేళ వండిన పనసకాయ కూర గురించి ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. ప్రెసిడెంటు గారు మూడోసారి వేయించుకుంటుండగా నేను గొంతు సవరించుకున్నాను. మా బావమరిది నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయాడు.

"ఏటి బావా, ఏటి సేత్తన్నావు?"

"గెడ్డ సంగతి చెబుతాను."

"సెయ్యి కడిగి ఇస్తరి ముందు కూకున్నోడికి కష్టం సెప్తారేటి? ముద్ద దిగద్దేటి ఆయనికి?"

"దిగకపోతే నీళ్లిద్దాం. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

"మరో పాలి సెబుదూలే. ముందు తిననీ."

"తినక ముందు బొండాం ఇచ్చేశావు. తిన్నాక తాంబూలం ఇస్తావు. మధ్యలో చెప్పనివ్వవు. మరి ఎప్పుడయ్యా చెప్పడం?"

మా బావమరిది కాసేపు ఆలోచించి, "అదే కదేటి సుట్టరికం!" అన్నాడు.

మేము లోపలికి వచ్చేసరికి ప్రెసిడెంటు గారు చెయ్యి కడుక్కుని, ఊరి పెద్దల మధ్య కూర్చుని తాంబూలం నములుతున్నారు. "ముచ్చటైన ఊరు. మీకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు. అక్కడున్నవాళ్లందరూ చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు, "తమ దయవల్ల ఏ లోటూ లేదు బాబూ" అన్నారు. నా దగ్గర చదువుకున్న రోజుల్లో వాళ్ల పిల్లలు ఏ పద్యాన్నీ అంత చక్కగా కలిసి అప్పజెప్పలేదు. నేను "ఒక్క మాట" అన్నాను. అప్పటికే బండిలో కొబ్బరికాయల బస్తాలు ఎక్కించే సందడి మొదలైంది. నా ఒక్క మాట బస్తాల కింద పడింది.

వైశాఖంలో ఉత్తర్వు వచ్చింది. గ్రామస్థులకు ఏ ఇబ్బందీ లేదని ప్రెసిడెంటు గారు స్వయంగా విచారించి తెలుసుకున్నందున, పెద్ద బడి నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉన్నందున, దసరా సెలవులతో మా బడి ఎత్తివేసి పిల్లలను అవతలి బడిలో చేర్పించాలని అందులో ఉంది. దసరా అంటే గెడ్డ నిండుగా ఉండే రోజులు.

ఉత్తర్వు చదివి వినిపిస్తే ఊరు ఊరంతా నా మీద పడింది. "మీరు అపుడే సెప్పీవలసింది మేస్టారూ" అన్నారు. నన్ను పెరట్లోకి లాక్కుపోయిన మా బావమరిది అందరికన్నా గట్టిగా అన్నాడు. అది నేను మరిచిపోలేదు.

బోర్డు ఆఫీసుకు వెళ్లాను. అది ఏ పట్నంలోనో రాయను, అక్కడివాళ్లు రోషగాళ్లు. ప్రెసిడెంటు గారు పనిలో ఉన్నారని నన్ను వరండాలో బంట్రోతుల బల్ల మీద కూర్చోమన్నారు. ఆ బల్లకు ఒక కాలు పొట్టి. అటు చివర కూర్చున్న బంట్రోతు పిలుపు వచ్చి లేచిన ప్రతిసారీ ఇటు చివర ఉన్న నేను కిందికి జారేవాడిని. ఆ బంట్రోతుకు ఆ రోజు చాలా పిలుపులు వచ్చాయి. చివరికి నన్ను లోపలికి రానిచ్చారు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, కూర్చోమనలేదు.

"గెడ్డా? ఏ గెడ్డ? నేను ఆ దారినే వచ్చాను గదా" అన్నారు ప్రెసిడెంటు గారు, కళ్లు కాస్త ఎక్కువగా తెరిచి.

"తమరు వచ్చినప్పుడు ఎండిపోయి ఉంది. వానాకాలంలో నిలువు లోతు."

"మీ ఊరివాళ్లను అడిగాను. ఏ లోటూ లేదన్నారు."

"అది మర్యాదకన్న మాట."

"అంటే పదిమందీ మర్యాదస్థులు, మీరొక్కరే నిజం చెబుతున్నారన్నమాట." ఆయన మెత్తగా నవ్వారు. "చూడండి మేష్టరు గారూ, బడి ఎక్కడ ఉండాలన్నది మెంబర్లు తేల్చే విషయం. మీరు బోర్డు నౌకరు. పాఠం చెప్పుకోండి. అంతగా చెప్పదలచుకుంటే మెంబరై వచ్చి చెప్పండి."

ఆయన హాస్యానికి అన్నారు. గుమాస్తాలు కూడా హాస్యంగానే నవ్వారు. నేను మాత్రం హాస్యాలు మోసుకుని ఇంటికి వచ్చే రకం. ఆషాఢంలో ఎన్నికలు రాబోతున్నాయి. శిస్తు కట్టేవాళ్లకే ఓటు, శిస్తు కట్టేవాళ్లే నిలబడాలి. మా నాన్న వాటాగా వచ్చిన చిన్న కొబ్బరితోటకు నేను శిస్తు కడుతున్నాను. ఒక్కటే చిక్కు. బోర్డు నౌకరు బోర్డుకు నిలబడకూడదు. మేష్టరు పని వదులుకోవాలి.

ఇంటికొచ్చి సంగతి చెప్పాను. నా భార్య కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే విన్నది.

"అయితే ఏటండి, బడి ఉండాలని మీరు బడి మానేత్తారా?"

"అవును."

"గెలవకపోతే?"

"బడీ ఉండదు, పనీ ఉండదు."

"గెలిత్తే?"

"బడి ఉంటుంది. నా పని మాత్రం ఉండదు."

ఆమె ఒక ఈనెను పైకెత్తి చూసి కట్టలో పెట్టింది. "ఎటు సూసినా మీరు ఇంట్లోనే ఉంటారన్నమాట. నా కరమ ఎలగుందో సూడండి" అంది. తరువాత లోపలికి పోయి నా ఉతికిన ఉత్తరీయం తెచ్చి ఇచ్చింది. రాజీనామా ఇవ్వడానికి మాసిన బట్టలతో పోకూడదట.

మా బావమరిదికి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. "ఏటి బావా, పెద్దమనిషి మీద పోటీ సేత్తావా? మన కాయలు కొంతన్నది ఆయనే కదేటి!" అన్నాడు. గెడ్డ దాటి రోజూ నీ పిల్లల్ని నువ్వే భుజాన మోసుకుపోతావా అని అడిగాను. అతనికి పిల్లలు ఎక్కువ. లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు ముడిచి, "సరే, నిలబడు" అన్నాడు.

ఓట్లు అడగడానికి మందస వైపు నుంచి మొదలుపెట్టి ఊరూరా తిరిగాను. మొదటి ఊళ్లోనే నా తప్పుదారి నాకు తెలిసింది. ప్రతి ఇంట్లోనూ బొండాం ఇచ్చారు, అటుకులు పెట్టారు, "మా ఓటు మీకే బాబూ" అన్నారు. ముందురోజు మెంబరు గారికి కూడా అవే అటుకులు పెట్టి అదే మాట అన్నారని మా బావమరిది కనుక్కొచ్చాడు. ఇంట కూర్చుని తింటున్నవాడి మొహం మీద లేదని ఎవరంటారు? ఉద్దానమంతా ఇద్దరికీ ఓటు వేసేలా ఉంది.

దాంతో ఇక ఎవరింటా మంచినీళ్లైనా ముట్టనని నిశ్చయించుకున్నాను. చుట్టాన్ని కాకపోతేగాని నిజం చెప్పరు. ఇది తెలిసి జనం నివ్వెరపోయారు. "మా ఇంట నీళ్లు తాగరట! ఏటి మా ఇంట తప్పు?" అని ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. తప్పేమీ లేదు, మనసులో ఉన్నది చెప్పండి, చెప్పాక తాగుతాను అన్నాను.

నేను ఎదురుచూసింది గెడ్డ గురించి, బడి గురించి, బోర్డు గురించి చెబుతారని. వాళ్లు నా గురించి చెప్పారు.

పొరుగూరి తోటల్లో ఒక ఇంటావిడ చీపురు చేతిలో పట్టుకునే మొదలుపెట్టింది. ఆమె పిల్లవాడు నా బడికే వచ్చేవాడు. "మా గుంటడి రాత కోడి గీరినట్టుందన్నారు కదేటి మేస్టారూ? వాడు రెండు పూటలు అన్నం తిన్లేదు."

"అలా అనలేదమ్మా. కోడి గీరినా వరుస తప్పదు అన్నాను."

"ఓలమ్మ! అది ఇంకా బాగుంది!"

ఆమె భర్త శిస్తు కట్టే రైతు, ఓటున్నవాడు. ఆయన అరుగు మీంచి అందుకున్నాడు. "నన్ను కూడా ఓ మాటన్నారు. మా తోటలో పెళ్లికి పిలిత్తే, పందిరి వంకరగుందన్నారు."

"వంకరగానే ఉంది."

"ఉంటే ఉంది. పెళ్లినాడు సెప్తారేటి?"

ఇలా ప్రతి ఊళ్లోనూ నా మాట ఒకటి ఎవరో ఒకరు దాచిపెట్టుకునే ఉన్నారు. ఏ ఏడు, ఏ సందర్భంలో, ఏ గుమ్మం ముందు అన్నానో కూడా చెప్పారు. నేను కొన్నింటిని సరిదిద్దాను, కొన్నింటికి సాక్షులను అడిగాను. పొద్దు వాలేదాకా వాదించుకున్నాం. నాకు కోపం రావాలి, వచ్చింది. కాని దాని కింద మరొకటి కూడా ఉంది. ఇన్నాళ్లూ ఈ జనం దేన్నీ మనసులో పెట్టుకోరని, నేనొక్కడినే ఇలా పుట్టానని అనుకునేవాడిని. వీళ్లూ నా బోటివాళ్లే. తేడా ఏమిటంటే, నేను వెంటనే చెబుతాను, వాళ్లు అడిగేదాకా ఆగుతారు. వాళ్లను ఎవరూ అడగలేదు.

అంతా తిట్టాక నీళ్లిచ్చారు, తాగాను. "ఇంత తిట్టినా లేసి ఎల్లిపోలేదు. బోర్డులో కూడా ఇలగే కూకుంటాడు" అని ఆ పందిరి వంకర రైతు నలుగురికీ చెప్పాడట. దానివల్ల కొన్ని ఓట్లు వచ్చాయని మా బావమరిది అంచనా.

ఓట్లు వేసే చోటు గెడ్డకు అవతల, పెద్ద ఊరి బడిలో. ఆ రోజుకు గెడ్డ గుండెల లోతున ఉంది. మా ఊరి ఓటర్లు అందరూ తోటలున్న పెద్ద మనుషులు. ఉతికిన పంచెలు, కండువాలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని గోచీలతో నీళ్లలోకి దిగారు. మా బావమరిది పొట్టివాడు. నడిమధ్యకు వచ్చేసరికి గడ్డం నీళ్లకు ఆనింది.

"ఏటి బావా ఈ గెడ్డ! మనిసి పేనం తీసీలాగుంది!" అన్నాడు, నోట్లోకి పోయిన నీళ్లు ఉమ్ముతూ.

"ఇన్నేళ్లుగా నేను చెబుతున్నది అదే."

"సెప్పినావు గానీ, ఇంత తడిగా సెప్పలేదు."

ఒడ్డెక్కి పంచెలు కట్టుకున్నా జుట్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. బడి గుమ్మంలో ఎన్నికల అధికారి ఉన్నారు. రెవెన్యూ ఉద్యోగి, మర్యాదస్థుడు. ఇంతమంది తడిసి రావడం చూసి కంగారుపడి, "ఏమండీ, దారిలో ఏమైనా ఇబ్బంది అయిందా?" అన్నారు. ఆయన పక్కనే బల్ల మీద ఓటర్ల కోసం పెద్ద ఊరివాళ్లు పెట్టిన బొండాలున్నాయి. మా బావమరిది ఒకటి అప్పటికే అందుకున్నాడు. చెవిలోని నీళ్లు దులుపుకుని, చేతులు కట్టుకుని, "తమ దయవల్ల ఏ లోటూ లేదు బాబూ" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. విన్నాను.

అయినా గెలిచాను. ఎంత తేడాతో అన్నది రాయను. నేను చెప్పేదీ ఓడినాయన చెప్పేదీ వేరువేరుగా ఉంటాయి. ఆయన మాత్రం మంచివాడే. ఇంటికొచ్చి, "నా కుర్సీ మీకే ఇత్తారు మేస్టారూ. ఎడంపక్క సెయ్యి ఊడొత్తాది, ఆనుకోకండి" అని చెప్పిపోయాడు. ఇంతకాలం బోర్డులో కూర్చుని ఆయన తెలుసుకున్నది అది.

మొదటి సమావేశం భాద్రపదంలో జరిగింది. అంతకు ముందే పడ్డ వానకు గెడ్డ నిలువు లోతైంది. ఈది దాటాను. తడిబట్టలు పిండుకుని ఆఫీసు గదిలోకి వెళ్లాను. నాకు కుర్చీ చూపించారు. చెప్పిన కుర్చీయే, ఎడమ చెయ్యి వదులుగా ఉంది. నేను కూర్చోలేదు.

"కూర్చోండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మా బడి ఉత్తర్వు మళ్లీ విచారణకు తీసుకునేదాకా నిలబడే ఉంటాను."

"అది తేలిపోయిన విషయం. నా కళ్లతో చూసి వచ్చాను. అక్కడ ఏరు లేదు."

"ఇప్పుడుంది. వచ్చి చూడండి."

"ఈ వానల్లో ఎలా వస్తామండీ? దారులు బాగుండవు."

"అదే నేను చెబుతున్నది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు గారు నవ్వలేదు, తరువాతి అంశానికి వెళ్లారు. బందెలదొడ్ల సంగతి వచ్చింది, నిలబడే ఉన్నాను. ఆసుపత్రి మందుల సంగతి వచ్చింది, నిలబడే ఉన్నాను. ప్రతి అంశానికీ చెయ్యెత్తి ఓటు వేశాను, నిలబడే. నా వెనక కూర్చున్న మెంబరుకు ప్రెసిడెంటు గారు కనబడక అటూ ఇటూ మెడ సాచి సాచి, చివరికి విసిగిపోయి, "అయ్యా, ఆ ఏరేదో ఒకసారి చూసి రండి. ఈయన నిలబడితే నాకు మెడ పట్టేస్తోంది" అన్నాడు. మెడలు పట్టేసినవాళ్లు ఇంకొందరు తలలూపారు. చూసి వస్తానని ప్రెసిడెంటు గారు ఒప్పుకోక తప్పలేదు. విద్యాభివృద్ధి అలా జరిగింది.

ప్రెసిడెంటు గారు వచ్చారు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదాయన, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆయనతో పెద్ద ఊరు దాటి గెడ్డ ఒడ్డుకు వచ్చేసరికి, ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ పోతున్నాయి. ఆయన కళ్లు పూర్తిగా తెరుచుకోవడం అప్పుడే చూశాను. అయినా వకీలు గదా, నీళ్లను చూసి ఊరుకోలేదు. "వరద ఒక పూటదై ఉండవచ్చు. ఊరివాళ్లను అడుగుదాం" అన్నారు.

అవతలి ఒడ్డున మా ఊరంతా నిలబడి ఉంది. ముందు మా బావమరిది, అతని కాళ్ల దగ్గర కొబ్బరిబొండాల పోగు, చేతిలో కత్తి. ప్రెసిడెంటు గారు వస్తున్నారని తెలిసి సిద్ధంగా ఉన్నారు. ఇప్పుడు అడిగితే వాళ్లేమంటారో నాకు తెలుసు. ఆ మాట అన్నారంటే మా బడి ఈ దసరాకు ఆఖరు. నేను ఉద్యోగం వదులుకున్నదీ, ఊరూరా తిట్లు తిన్నదీ ఈ గెడ్డలోనే కలుస్తాయి. ఈదుకుంటూ పోయి చెప్పే వ్యవధి లేదు.

ప్రెసిడెంటు గారు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కేకేశారు. "ఏమయ్యా! మీకేమైనా ఇబ్బంది ఉందా?"

మా బావమరిది బొండాల వైపు చూశాడు. నీళ్ల వైపు చూశాడు. ఒక బొండాం చేతిలోకి తీసుకుని, విసిరితే ఇవతలికి వస్తుందా అన్నట్టు బరువు చూసి, కింద పెట్టేశాడు. ఇంకొకాయనతో ఏదో మాట్లాడాడు. తరువాత ముందుకు వచ్చి, పాదాలు నీళ్లలో పెట్టి, నేనెన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"ఉంది బాబూ! బడి ఎత్తీత్తే మా గుంటలు ఈ గెడ్డలో ములిగిపోతారు! కార్తీకం దాకా ఇలగే ఉంటాది! ఏటేటా ఇంతే!"

ఒకడు మొదలుపెట్టాక ఇక ఆగలేదు. "బడి కప్పు కురుత్తాది బాబూ!" అని ఇంకొకరు. "మందులకి పోడానికి దారి లేదు!" అని ఆడగొంతు. "ఆ గడియారం ఎందుకు బాబూ!" అని ఎవరో. ఎన్నాళ్లవో అన్నీ ఒక్కసారిగా నీళ్ల మీదుగా వచ్చాయి. ప్రెసిడెంటు గారు ఒక అడుగు వెనక్కి వేశారు.

తరువాత మా బావమరిదిని అడిగాను, ఆ రోజు నోరెలా వచ్చిందని. "ఆయన మన బొండాం తాగలేదు కదేటి బావా. ఇంకా సుట్టం కానట్టే. సుట్టం కానోడికి సెబితే తప్పేటి?" అన్నాడు. అంత తేలిక.

ఒడ్డున ప్రెసిడెంటు గారు మళ్లీ చేతులు నోటి చుట్టూ పెట్టుకుని, "బడి ఉంటుంది! తీయము!" అని కేకేశారు. అవతల ఒకటే గోల. ఆ గోలలోంచి మా బావమరిది గొంతు వినిపించింది. "అయితే భోజనానికి రండి బాబూ! అన్నీ వండించినాం!"

ఆయన నీళ్లను చూశారు, నన్ను చూశారు. "ఎలా వెళ్లాలి?" అన్నారు.

"మా పిల్లల్ని ఎలా వెళ్లమన్నారో అలాగే" అన్నాను.

ఆయన పెద్ద ఊళ్లో భోంచేసి వెళ్లారు. తరువాతి సమావేశంలో ఉత్తర్వు రద్దయింది. అధ్యక్షులవారు వర్షాకాలంలో శ్రమకోర్చి పరిశీలించినందువల్ల అని తీర్మానంలో రాశారు. శ్రమ ఎవరిదో నేను లేచి చెప్పబోయాను. నా వెనకాయన మెడ పట్టుకుని, "బాబ్బాబు, కూర్చోండి" అన్నాడు. ఆ మెడ మీద జాలితో కూర్చున్నాను.

మెంబరుగా ఉన్నంతకాలం నేను బడిలో పాఠం చెప్పడానికి వీల్లేదు. దసరా సెలవులు అయ్యాక, పలాస వైపు నుంచి ఒక కొత్త మేష్టరును వేశారు. నీళ్లు తీసేదాకా ఇటే ఉండిపొమ్మని మా బావమరిది తన ఇంట్లో బస ఇచ్చాడు. మా అరుగు మీద కూర్చుంటే బడిలో పిల్లలు ఎక్కాలు అప్పజెప్పడం వినిపిస్తుంది. నేను చెప్పిన వరుసలో చెప్పడం లేదు. ఆ మాటే నా భార్యతో అన్నాను.

"ఈయన గొంతు మెత్తగా ఉందండి. పిల్లలు బెదరటం లేదు" అంది ఆమె, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ మాటను నేనూ దాచిపెట్టుకున్నాను. ఏ రోజు అందో కూడా నాకు గుర్తుంది.